డౌలా ఎవరు, కాన్పులో ఏం చేస్తుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డౌలాగా పనిచేస్తున్నాను. నెలలు నిండుతున్నవాళ్ళు, వాళ్ళ భర్తలు, అమ్మలు మొదటిసారి ఫోన్ చేసినప్పుడు నన్ను అడిగే ప్రశ్నలే ఇవి. కొన్నింటికి రెండు మాటల్లో జవాబు ఉంది. కొన్నింటికి కాస్త కూర్చుని చెప్పాలి.

డౌలా అంటే ఎవరు?

నొప్పులు మొదలైనప్పటి నుంచి, బిడ్డ పుట్టి మొదటిసారి పాలు పట్టేదాకా తల్లి పక్కన ఉండే మనిషి. వైద్యం చేయదు. తల్లికి ధైర్యం చెప్పడం, ఒంటికి కాస్త సుఖంగా ఉండేలా చూడటం, జరుగుతున్నది తేలిక మాటల్లో వివరించడం ఆమె పని. ఇవన్నీ ఒక ఎత్తు, మధ్యలో లేచి వెళ్ళిపోకుండా ఉండటం ఒక్కటీ ఒక ఎత్తు. నర్సు ఒకేసారి ముగ్గురు నలుగురిని చూసుకోవాలి. డాక్టరు వచ్చి చూసి ఇంకో గదికి వెళ్ళాలి. షిఫ్టులు మారతాయి. డౌలాకి ఆ రోజు మీరు ఒక్కరే.

మాట గ్రీకు భాషది. సేవ చేసే స్త్రీ, దాసి అని దాని పాత అర్థం. తల్లికి తోడుండే స్త్రీ అనే అర్థంలో దాన్ని 1970లలో వాడుకలోకి తెచ్చింది డానా రాఫేల్ అనే అమెరికన్ మానవ శాస్త్రవేత్త. కొన్నిచోట్ల బర్త్ కంపానియన్ అని కూడా అంటారు.

అంటే మంత్రసానేనా? మిడ్‌వైఫా?

రెండూ కాదు. మంత్రసాని అయినా మిడ్‌వైఫ్ అయినా కాన్పు చేసే మనిషి. మిడ్‌వైఫ్ అందుకోసం వైద్య శిక్షణ పొందింది. బిడ్డ గుండె చప్పుడు వింటుంది, గర్భాశయ ముఖద్వారం ఎంత తెరుచుకుందో చూస్తుంది, బిడ్డని చేతుల్లోకి తీసుకుంటుంది. తేడా వస్తే జవాబు చెప్పాల్సిందీ ఆమే. డౌలా వీటిలో ఏదీ చేయదు. మిడ్‌వైఫో డాక్టరో బిడ్డ గుండె చప్పుడు వింటున్న ఆ నిమిషంలో డౌలా తల్లి నుదుటి మీద చెమట తుడుస్తూ ఉంటుంది. ఒకరు చేసే పని ఇంకొకరు చేయలేరు. డౌలా ఉంది కదా అని డాక్టరూ మిడ్‌వైఫూ లేకుండా కాన్పుకి సిద్ధపడటం ప్రాణాల మీదకి తెచ్చుకోవడమే.

లేబర్ రూమ్‌లో అసలు ఏం చేస్తారు?

చాలాసార్లు, బయటినుంచి చూసేవాళ్ళకి ఏమీ చేయనట్టే ఉంటుంది. నొప్పి వస్తుందని తెలియగానే చాలామంది భుజాలు చెవుల దాకా లాక్కుంటారు, పళ్ళు బిగబడతారు, పిడికిళ్ళు బిగించేస్తారు. నేను ముందు చూసేది దవడ, ఆ తర్వాత భుజాలు. భుజం మీద అరచెయ్యి ఆనించి "ఇక్కడ వదిలెయ్ తల్లీ" అంటే, ఆ చేతి బరువుకే భుజం కిందకి దిగుతుంది. దాంతోపాటు ఊపిరి కూడా నెమ్మదిస్తుంది. భయం పెరిగితే ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోను పెరుగుతుంది. నొప్పులు తెచ్చే ఆక్సిటోసిన్ అనే హార్మోను పనికి అది అడ్డం పడగలదు. కాబట్టి గదిలో లైట్లు తగ్గించడం, గొంతు తగ్గించి మాట్లాడటం, పదిమంది ఒకేసారి సలహాలు ఇవ్వకుండా చూడటం కూడా నా పనే.

కొందరికి నొప్పంతా నడుములోనే ఉంటుంది. బిడ్డ తల వెనుక భాగం తల్లి వెన్నువైపు తిరిగి ఉన్నప్పుడు ఇలా జరుగుతుంటుంది. అప్పుడు మంచం మీద చేతులు ఆనించి ముందుకు వంగి నిలబడమంటాను. వెన్ను చివర, పిరుదుల పైన చదునుగా ఒక ఎముక తగులుతుంది. నొప్పి మొదలైన క్షణం నుంచి తగ్గేదాకా దాని మీద, మణికట్టు దగ్గర ఉండే అరచేతి గట్టి భాగంతో నొక్కి పట్టుకుంటాను. "ఇంకా గట్టిగా", "కాదు, కొంచెం కిందకి" అని ఆమె చెబుతూనే ఉంటుంది. నొప్పి పోగానే చెయ్యి తీసెయ్యను. బరువు తగ్గించి అక్కడే ఉంచుతాను, ఎందుకంటే తరువాతి నొప్పి ఎంతో దూరంలో ఉండదు. ఐదు నిమిషాలకోసారి నొప్పి అంటే గంటకి 12 సార్లు. పదిగంటలు ఆ పని చేశాక మర్నాడు నా భుజాలు లేవవు. అయినా ఆమెకి ఆ చెయ్యి ఎంత అవసరమో ప్రతి నొప్పికీ నాకు తెలుస్తూనే ఉంటుంది.

ఇవి కాక నడిపించడం, పెద్ద రబ్బరు బంతి మీద కూర్చోబెట్టి నెమ్మదిగా ఊగనివ్వడం, పక్కకి తిప్పి పడుకోబెట్టడం, రెండు గుక్కల నీళ్ళు తాగించడం, గంటకో రెండు గంటలకో బాత్రూమ్‌కి వెళ్ళమని గుర్తుచేయడం ఉంటాయి. నిండిన మూత్రసంచి బిడ్డ తల దిగడానికి అడ్డమవుతుంది కానీ ఆ నొప్పుల్లో ఎవరికీ అది గుర్తుండదు.

ఏమేం చేయరు?

లోపలి పరీక్ష, బీపీ చూడటం, మందులు ఇవ్వడం, బిడ్డ గుండె చప్పుడు ఎలా ఉందో చెప్పడం నా పని కాదు. మీ తరఫున నిర్ణయం తీసుకోవడం, డాక్టరుతో వాదించడం కూడా నా పని కాదు. డాక్టరు ఏదైనా చేద్దామన్నప్పుడు మీరు అడగదగిన ప్రశ్నలు గుర్తుచేస్తాను. దీనివల్ల లాభం ఏమిటి, ఇబ్బంది ఏమిటి, వేరే దారి ఉందా, కాసేపు ఆగి చూడొచ్చా, ఆగితే ఏమవుతుంది? అత్యవసరం అని చెప్పినప్పుడు మాత్రం ఈ ప్రశ్నలకి టైమ్ ఉండదు. అలాంటప్పుడు పక్కకి జరిగి, చెయ్యి పట్టుకుని నిలబడతాను.

డౌలా ఉంటే నిజంగా తేడా ఉంటుందా? రుజువేమైనా ఉందా?

ఉంది. ఈ పరిశోధనలో ముందుగా చెప్పుకోవాల్సిన పేర్లు మార్షల్ క్లాస్, జాన్ కెన్నెల్ అనే ఇద్దరు అమెరికన్ పిల్లల డాక్టర్లవి. వాళ్ళ బృందం గ్వాటెమాలాలో చేసిన అధ్యయనం 1980లో వచ్చింది. నాకు అంతకన్నా మనసుకి పట్టింది 1991లో వచ్చినది. అమెరికాలో హ్యూస్టన్‌లోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో తొలి కాన్పుకి వచ్చినవాళ్ళని చూశారు. కొందరికి డౌలా తోడు ఇచ్చారు. ఇంకొందరి గదిలో ఒక మనిషి మూల కూర్చుని నోట్స్ రాసుకుంటుంది, అంతే, మాట్లాడదు. మిగిలినవాళ్ళకి మామూలుగా ఆసుపత్రిలో జరిగేదే. సిజేరియన్లు డౌలా ఉన్నవాళ్ళలో 8 శాతం, ఎవరూ లేనివాళ్ళలో 18 శాతం. మూల కూర్చున్న మనిషి ఉన్నవాళ్ళలో 13 శాతం. ఒక్క మాటా మాట్లాడని మనిషి గదిలో ఉన్నందుకే అంకె మారింది! నా పనిలో నాకు దారి చూపే లెక్క అది.

ఆ తర్వాత 2017లో కోక్రేన్ సంస్థ 17 దేశాల నుంచి 26 అధ్యయనాలను, 15,000 మందికి పైగా తల్లుల సమాచారాన్ని కలిపి చూసింది. కాన్పు అంతా విడవకుండా తోడున్న వాళ్ళకి నార్మల్ డెలివరీ అవకాశం కాస్త పెరిగింది, సిజేరియన్ అవకాశం సుమారు పావు వంతు తగ్గింది, నొప్పుల సమయం సగటున 40 నిమిషాలు తగ్గింది. కాన్పు చేదు అనుభవంగా మిగిలిందని చెప్పినవాళ్ళూ తక్కువే. అయితే ఈ రుజువుల నాణ్యత తక్కువ స్థాయిలోనే ఉందని ఆ సమీక్ష రాసినవాళ్ళే చెప్పారు, పైగా ఆ తోడు అన్నిచోట్లా డౌలాయే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన కాన్పు మార్గదర్శకాల్లో తల్లి కోరుకున్న మనిషి తోడుండాలని సిఫారసు చేసింది.

కాబట్టి "డౌలా ఉంటే నార్మల్ గ్యారంటీ" అని ఎవరైనా అంటే నమ్మకండి. నేను ఆ మాట ఎప్పుడూ అనను.

మా ఆయన ఉంటారు, అమ్మ ఉంటుంది. ఇంకా డౌలా ఎందుకు?

వాళ్ళు ఉండి తీరాలి. మిమ్మల్ని వాళ్ళు ఎరిగినంతగా నేను ఎరగను. కానీ మీరు నొప్పితో అరిస్తే వాళ్ళకి ప్రాణం పోయినట్టు ఉంటుంది. ఏది మామూలు, ఏది కాదు అన్నది తెలియక ఇంకా టెన్షన్ పడతారు. వాళ్ళకీ ఒక తోడు కావాలి.

ఒక కాన్పులో భర్త గోడకి ఆనుకుని అలాగే నిలబడిపోయాడు. చేతిలో నీళ్ళ సీసా ఉంది, అది భార్యకి ఇవ్వాలన్నది కూడా తోచలేదు. దగ్గరికి పిలిచి, అతని చెయ్యి ఆమె నడుము మీద పెట్టి, పైన నా చెయ్యి వేసి నొక్కాను. రెండు నొప్పులు అలా గడిచాక నా చెయ్యి తీసేశాను. "నువ్వే బాగా పడుతున్నావు" అంది ఆమె. మిగిలిన రాత్రంతా ఆ పని అతనే చేశాడు. నేను నీళ్ళు అందిస్తూ పక్కన కూర్చున్నాను.

డౌలాని పెట్టుకునే స్తోమత లేకపోతే బాధపడకండి. అక్కో, స్నేహితురాలో, ఓపిక ఉండి భయపెట్టని మనిషి ఎవరైనా సరే, ముందే కాస్త నేర్చుకుని విడవకుండా కూర్చుంటే అది పెద్ద మేలే. తన కాన్పు కష్టాలు కథలుగా చెప్పే మనిషిని మాత్రం ఆ గదికి పిలవకండి.

నాకు ఎపిడ్యూరల్ కావాలి. డౌలా ఏమైనా అంటుందా?

అనకూడదు. మీ నొప్పి, మీ నిర్ణయం. ఎపిడ్యూరల్ అంటే నొప్పి తెలియకుండా వెన్ను దగ్గర ఇచ్చే మందు. దాని తర్వాత నొప్పి తగ్గుతుంది కానీ కాళ్ళు బరువెక్కుతాయి, మీ అంతట మీరు తిరగలేరు. వణుకు, దురద రావచ్చు. అప్పుడు నర్సుతో కలిసి అరగంటకోసారి ఇటూ అటూ తిప్పడం, మోకాళ్ళ మధ్య వేరుశెనగ కాయ ఆకారంలో ఉండే బంతి పెట్టడం చేస్తాం. నిద్రపోతే నిద్రపోనిస్తాను. ముక్కాల్సిన సమయానికి ఆ నిద్రే బలం.

సిజేరియన్ అని ముందే చెప్పేశారు. ఇక డౌలాతో పనేముంది?

ఆపరేషన్ థియేటర్‌లోకి రానివ్వడం ఆసుపత్రి ఇష్టం. చాలాచోట్ల ఒక్కరినే రానిస్తారు, ఆ ఒక్కరు భర్త కావడమే సబబు. అలాంటప్పుడు నా పని ముందురోజు, ఆ తర్వాత గంటల్లో. మత్తు ఇచ్చేటప్పుడు ఎలా కూర్చోబెడతారు, నొప్పి లేకపోయినా లోపల లాగినట్టు ఎందుకు తెలుస్తుంది, ఇవన్నీ ముందే చెబితే ఆ బల్ల మీద భయం సగం తగ్గుతుంది. బయటికి వచ్చాక కుట్ల మీద బరువు పడకుండా బిడ్డని పక్కగా పట్టుకుని పాలివ్వడం చూపిస్తాను. దగ్గు వచ్చినప్పుడు పొట్టకి దిండు అదిమి పట్టుకోమని చెప్పడం చిన్న విషయమే, కానీ మొదటి మూడు రోజులూ అదే పెద్ద ఊరట.

మా డాక్టరు, ఆసుపత్రి ఒప్పుకుంటారా?

డౌలాతో మాట్లాడే ముందే ఇది అడగండి. లేబర్ రూమ్‌లోకి ఎంతమందిని రానిస్తారు, భర్తతోపాటు డౌలా కూడా ఉండొచ్చా, రాత్రి డ్యూటీలోనూ ఇదే నియమమా అని అడిగి, వీలైతే మీ ఫైల్‌లో రాయించుకోండి. ఒకసారి డాక్టరు నోటిమాటగా సరే అన్నారు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ళకి ఆ సంగతి తెలియదు. నన్ను తలుపు బయటే ఆపేశారు. లోపల ఆమె నన్ను పిలవడం నాకు వినిపిస్తోంది. మూడు గంటలు ఆ బెంచీ మీద కూర్చున్నాను. కాగితం మీద ఒక్క లైను ఉండి ఉంటే ఆమెకి ఆ మూడు గంటలు ఒంటరితనం ఉండేది కాదు. అప్పటినుంచి, ఫైల్‌లో రాయించారా అని అడగకుండా నేను ఏ ఇంటినుంచీ లేవడం లేదు.

ఎన్నో నెలలో వెతకడం మొదలుపెట్టాలి?

ఐదు, ఆరు నెలలప్పుడు మొదలుపెడితే తీరిగ్గా ఎంచుకోవచ్చు. ఒక నెలలో ఇద్దరు ముగ్గురికి మించి ఒప్పుకోలేం, రెండు కాన్పులు ఒకే రాత్రి వస్తే ఎటు పోగలం? ఎనిమిదో నెల దాటినా అడగండి, ఖాళీ ఉండొచ్చు.

మంచి డౌలాని ఎలా గుర్తుపట్టాలి?

కనీసం ఇద్దరితో మాట్లాడండి, వీలైతే ఎదురుగా కూర్చుని, భర్త కూడా ఉన్నప్పుడు. శిక్షణ ఎక్కడ తీసుకున్నారు, ఇప్పటివరకు ఎన్ని కాన్పులకి వెళ్ళారు, మీరు రాలేని పరిస్థితి వస్తే బదులు ఎవరు వస్తారు, ఆ మనిషిని నేను ముందే కలవొచ్చా అని అడగండి. "మీరు వెళ్ళిన కాన్పుల్లో అనుకున్నట్టు జరగనిది ఒకటి చెప్పండి" అని తప్పకుండా అడగండి. పేర్లు చెప్పకుండా, ఎవరినీ నిందించకుండా, తను ఏం నేర్చుకుందో చెప్పే మనిషి నమ్మదగిన మనిషి. ఆ తల్లి పేరు, ఊరు అన్నీ చెప్పేసిందంటే రేపు మీ సంగతి ఇంకొకరికి చెబుతుంది.

స్కాన్‌లు అక్కర్లేదనేవాళ్ళు, డాక్టరు రాసిన మందులు ఆపమనేవాళ్ళు, అన్ని సిజేరియన్లూ డబ్బు కోసమే అనేవాళ్ళు, సూది లేకుండా కనడమే గొప్ప అనేవాళ్ళు తగిలితే లేచి వచ్చేయండి. ఈ విషయంలో నేను మొహమాటపడను. అలాంటి మాటలు విని ఆసుపత్రికి ఆలస్యంగా వెళ్ళడం వల్ల ప్రాణాలే పోవచ్చు.

అన్నీ సరిపోయాక చివరిగా ఒకటి చూసుకోండి. ఈమె ముందు మీరు ఏడవగలరా? ఒంటి మీద బట్ట సరిగ్గా ఉందో లేదో తెలియని స్థితిలో ఈమె పక్కన ఉంటే మీకు ఇబ్బందిగా ఉంటుందా? మనసు కొంచెం వెనక్కి లాగినా ఇంకొకరిని చూడండి. కాదన్నారని మంచి డౌలా నొచ్చుకోదు.

సర్టిఫికెట్ తప్పనిసరా?

చాలా దేశాల్లో డౌలా పనికి ప్రభుత్వ లైసెన్సు అంటూ లేదు. శిక్షణ సంస్థలే సర్టిఫికెట్ ఇస్తాయి. 1992లో అమెరికాలో మొదలైన డోనా వాటిలో పాతది. కొన్ని రోజుల క్లాసులు, చదవాల్సిన పుస్తకాలు, కొన్ని కాన్పులకి వెళ్ళి రావడం మామూలుగా ఉంటాయి. శిక్షణ ఉండటం మంచిదే. కానీ కొత్తగా వచ్చిన ఓపికమంతురాలిని అనుభవం లేదని తీసిపారేయకండి, ఫీజు కూడా తక్కువ ఉంటుంది.

ఫీజులో ఏమేం వస్తాయి?

సాధారణంగా కాన్పుకి ముందు రెండు మూడు సార్లు కలవడం, 38వ వారం నుంచి 42వ వారం దాకా ఏ వేళ పిలిచినా రావడం, కాన్పు అంతా ఉండటం, తర్వాత ఒకటి రెండుసార్లు ఇంటికి వచ్చి చూడటం. గంటల లెక్కన కాకుండా మొత్తంగా మాట్లాడుకోవడమే మేలు, నొప్పుల మధ్యలో గడియారం చూసుకోవాల్సిన పని ఉండకూడదు. ముందు ఎంత, తర్వాత ఎంత, డౌలా చేరేలోపే బిడ్డ పుట్టేస్తే ఎంత తిరిగి ఇస్తారు, ఆసుపత్రి లోపలికి రానివ్వకపోతే ఏమిటి, ఇవన్నీ రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి.

ఆన్‌లైన్‌లో డౌలా పనికొస్తుందా?

కాన్పుకి ముందు నేర్చుకోవడానికి, పాలు పట్టడంలో సందేహాలకి పనికొస్తుంది. వీడియోలో నడుము పట్టలేం కదా. దగ్గరలో ఎవరూ లేకపోతే భర్తకో అక్కకో ముందే నేర్పి, కాన్పు సమయంలో ఫోన్‌లో తోడుండొచ్చు.

కాన్పు అయ్యాక కూడా వస్తారా?

వస్తాం. బాలింతకి తోడుండటమే పనిగా పెట్టుకున్న డౌలాలు వేరుగా కూడా ఉన్నారు. పాలు పట్టడం, తల్లి నిద్ర, ఎడతెరిపి లేకుండా వచ్చే కన్నీళ్ళు, ఇవి వాళ్ళు చూసుకుంటారు. మొదటి పది పదిహేను రోజులు కారణం లేకుండా ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, లేదా తనకో బిడ్డకో హాని చేసుకోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, అది డౌలా చూసే సంగతి కాదు. డాక్టరు దగ్గరికి వెంటనే వెళ్ళాలి. వెంట రమ్మంటే వస్తాను.

బిడ్డ దక్కదని తెలిస్తే?

అప్పుడు కూడా వస్తాం. నొప్పులు పడాల్సింది ఆ తల్లే. అంతకన్నా తోడు అవసరమైన కాన్పు ఇంకోటి లేదు. బిడ్డని చూడాలా, ఎత్తుకోవాలా అన్నది ఆమె ఇష్టానికి వదలాలి, తొందరపెట్టకూడదు. ఆ గదిలో నేను పెద్దగా మాట్లాడను.

నొప్పులు మొదలయ్యాక ముందు ఎవరికి ఫోన్ చేయాలి?

రక్తం పోతున్నా, ఉమ్మనీరు పచ్చగానో ఎర్రగానో వస్తున్నా, బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించినా, తల పగిలిపోయేంత నొప్పి, చూపు మసకబారడం, జ్వరం, ఫిట్స్ లాంటివి ఉన్నా, నెలలు నిండకుండా నొప్పులు వచ్చినా నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి. నాకు దారిలో చెప్పొచ్చు, చెప్పకపోయినా ఫరవాలేదు. ఇవేవీ లేకుండా మామూలుగా మొదలైతే తొలి కాన్పుకి చాలామంది చెప్పే లెక్క ఒకటుంది: ఐదు నిమిషాలకోసారి వస్తూ, ఒక్కోటి నిమిషం ఉంటూ, గంటసేపు అలాగే సాగితే బయల్దేరడం. మీ డాక్టరు వేరేగా చెబితే అదే వినండి. ఉమ్మనీరు పోతే టైమ్, రంగు రాసుకుని డాక్టరుకి చెప్పండి.

అర్ధరాత్రి మొదలైతే? మీ నిద్ర పాడవదా?

అర్ధరాత్రయినా ఫోన్ చేయండి. 38 నుంచి 42వ వారం దాకా ఆ నాలుగు వారాలూ నా ఫోన్ దిండు పక్కనే ఉంటుంది, బ్యాగు తలుపు దగ్గర సర్ది ఉంటుంది. ఎత్తగానే "సారీ అండీ, ఈ టైమ్‌లో..." అని మొదలుపెట్టేవాళ్ళే ఎక్కువ. ఆ మాట వద్దు. ఎన్ని నిమిషాలకోసారి వస్తున్నాయో చెప్పండి, తర్వాతి నొప్పి వచ్చేదాకా లైన్‌లోనే ఉండండి. మీ ఊపిరి వింటే బయల్దేరాలో లేదో నాకు చాలావరకు తెలిసిపోతుంది.